తలుపు తీసే అమ్మ

ఆ ఉత్తరం చదివి వినిపించమని మాణిక్యాంబ అడగడం ఇది మూడోసారి. కూతురు శ్రీదుర్గ మూడోసారీ చదివింది. మెట్రో రైల్లో వచ్చే స్టేషను పేరు చెప్పే గొంతులా, ఎత్తూ పల్లం లేకుండా చదివింది.

"మీ తరఫున మా కాలేజీ పాలకవర్గంలో ఒకరికి సిఫారసు అందింది. మా నియమం ప్రకారం ఆయన దాన్ని మాకు పంపేశారు. ఇది మీకు తెలిసే జరిగిందా? శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపు జవాబివ్వండి. అంతే."

అంతే అంటూనే లాప్‌టాప్ మూత సగానికి దించేసింది.

ఆ శుక్రవారం ఇవాళే. గోడ గడియారంలో తొమ్మిదిన్నర దాటింది. బర్ దుబాయ్‌లో మూడు కుటుంబాలు పంచుకున్న ఫ్లాట్ అది. అందులో వీళ్లది ఒక్క గది. ఆ గదిలో ఒక మంచం, ఒక కుట్టుమిషను, పిల్ల చదువుకునే మడత బల్ల. మాణిక్యాంబ జుమేరాలో తను పనిచేసే ఇంటి నుంచి వారానికోసారి ఇక్కడికి వస్తుంది. వచ్చి అరగంటయినా తెచ్చిన సంచి విప్పలేదు, మంచం అంచున అలాగే కూర్చుంది. ఆవిడ భర్త ఆదిశేషు మిషను ముందు కూర్చుని ఎవరి జాకెట్టుకో హుక్కులు కుడుతున్నాడు. శుక్రవారం నమాజు అయ్యేదాకా ఆయన పనిచేసే దర్జీ దుకాణం తెరవరు.

తప్పు తనదేనని మాణిక్యాంబకి తెలుసు. బుధవారం భర్త ఫోన్ చేసి చెప్పినప్పుడే అర్థమైంది.

ఆవిడ చేసింది ఏమంత ఘోరమని అడుగుతారా? దుబాయ్‌లో పదిహేనేళ్ల బతుకు ఆవిడకి నేర్పింది ఒకటే. తెలిసిన మనిషి లేకపోతే ఇక్కడ కాగితం కదలదని. ఇక్కడివాళ్లు దాన్ని వాస్తా అంటారు. ఆదిశేషుకి పని దొరికింది వాస్తాతో. శ్రీదుర్గకి ఎల్‌కేజీలో సీటు దొరికింది దుకాణం యజమాని చెప్పిన ఒక్క మాటతో. అలాంటప్పుడు, పిల్ల ప్రాణం పెట్టుకున్న అబుదాబి కాలేజీ పాలకవర్గంలో తన మేడమ్ మరిది ఉన్నాడని టీ కప్పులు అందిస్తూ విన్న మనిషి ఊరుకోగలదా? మర్నాడు మేడమ్ తొడుక్కునే నల్లటి అబాయాలు ఇస్త్రీ చేస్తూ నోరు తెరిచి అడిగేసింది. షహర్బాను మేడమ్ మంచి మనిషి. అక్కడికక్కడే ఫోన్ తీసి మరిదికి మెసేజ్ పెట్టింది. ఆ రోజంతా మాణిక్యాంబ కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆ కాలేజీ అలాంటి కాలేజీ కాదని ఆవిడకి ఎవరు చెప్పాలి?

బిజినెస్ చదువులకి ఈ దేశంలో అంత గట్టి కాలేజీ లేదని శ్రీదుర్గ నమ్మకం. పన్నెండో తరగతి అయ్యాక ఒకసారి అడిగితే సీటు రాలేదు. కరామాలో రెండంతస్తుల చిన్న కాలేజీలో చేరింది, చేరిన రోజు నుంచీ అక్కడికి మారడం గురించే ఆలోచన. అలా వేరే కాలేజీ నుంచి మారతామని నిరుడు మూడొందల మంది అడిగితే పదకొండు మందిని తీసుకున్నారట. ఈ ఏడు ముప్పై మందిని వడగట్టి ఉంచారు. ఆ ముప్పైలో శ్రీదుర్గ పేరుంది. రెండో ఏడు మొదలైతే ఇక ఎవరినీ తీసుకోరు. కాబట్టి ఇదే ఆఖరు.

ఒకసారి కాలేజీ చూపిస్తారంటే వెళ్లొచ్చింది. మెడలో వేసిన విజిటర్ కార్డు వెనక్కి ఇవ్వకుండా తెచ్చేసుకుని అద్దానికి వేలాడదీసింది. వచ్చిన ప్రతి శుక్రవారం మాణిక్యాంబ అద్దం తుడుస్తూ ఆ కార్డునీ తుడుస్తుంది. పిల్ల ఒక్కసారైనా దాన్ని తీసేయమనలేదు. జడ వేసుకునేటప్పుడు తన మొహం కన్నా ఆ కార్డే ఎక్కువ చూసుకుంటుంది.

"నేనడిగానా అమ్మా నిన్ను?" అంది శ్రీదుర్గ తలెత్తకుండా. "ఒక్క మాట నాతో అనుంటే వద్దనేదాన్ని కదా. ఇన్ని నెలలు రాసింది నేను. ప్రొఫెసర్ వెనకాల తిరిగి లెటర్ తెచ్చుకుంది నేను. ఇప్పుడు వాళ్ల కళ్లకి నేను పైరవీ చేయించుకున్న మనిషిని."

"దానికేం తెలుసే," అన్నాడు ఆదిశేషు. "నీ మంచికేగా చేసింది."

"మంచికే నాన్నా. ఎవరు కాదన్నారు?"

ఆదిశేషు సూది ఒక్కటే కదులుతోంది.

మాణిక్యాంబకి ఇంగ్లీషు రాదు. కానీ పరాయి ఇంట్లో పదిహేనేళ్లు మసలిన మనిషికి ఏది చెప్పారో, ఏది దాచారో పసిగట్టడం వస్తుంది. సగం మూసిన తెరకేసి వంగి చూసింది. ఉత్తరంలో పైన చిన్న ముక్క, కింద పెద్ద ముక్క ఉన్నాయి. పిల్ల మూడుసార్లూ చదివింది చిన్న ముక్కకి సరిపోయేంతే.

"కింద ఇంకా ఉంది కదే. అదీ చదువు," అంది.

"అదేం లేదమ్మా. మామూలుగా రాసేదే."

"మామూలుదైతే చదవడానికేం?"

శ్రీదుర్గ తండ్రి వైపు చూసింది. ఆయన హుక్కు మీంచి చూపు తిప్పలేదు. ఆ చూపు తిప్పకపోవడంలోనే ఆయనకీ తెలుసని మాణిక్యాంబకి అర్థమైపోయింది. ఇంట్లో ఇద్దరికీ తెలిసింది తనకొక్కదానికే తెలియదు. వారానికొక రోజు వచ్చే మనిషికి అంతకన్నా ఏం తెలుస్తుంది అనుకుంది.

"చదువు దుర్గా."

శ్రీదుర్గ కింది ముక్క చదివింది. సిఫారసులో తనని షహర్బాను గారింట్లో పనిచేసే మాణిక్యాంబ కూతురని రాశారట. దరఖాస్తులో మాత్రం తల్లి గృహిణి అని ఉందట. దరఖాస్తుతో పంపిన వ్యాసంలోనూ తల్లి ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నట్టు రాశారు కదా, ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పండి అని అడిగారు.

మాణిక్యాంబ సంచి మీద చేయి వేసి అలాగే ఉండిపోయింది. కోపం రాలేదు. అదే వింతగా అనిపించింది. ఎక్కడో లోపల ఒక చోటు మాత్రం ఖాళీ అయింది.

"ఆ వ్యాసం ఉందా నీ దగ్గర?" అని అడిగింది.

"ఎందుకమ్మా ఇప్పుడు."

"నన్నేం రాశావో వినాలనుంది."

ఆదిశేషు వద్దని కళ్లతో సైగ చేశాడు. మాణిక్యాంబ చూసీ చూడనట్టు ఊరుకుంది. శ్రీదుర్గ చాలాసేపు ఫైళ్లు వెతికినట్టు నటించి, చివరికి తెరిచింది. మొదట దుకాణం గురించి ఉంది. షార్జాలో ఉన్నవాళ్లు, అజ్మాన్‌లో ఉన్నవాళ్లు రాకుండానే జాకెట్లు కుట్టించుకునేలా వాళ్ల ఆది జాకెట్ల కొలతలన్నీ ఫోన్లో ఎలా పెట్టిందో, దాంతో తండ్రికి పని ఎలా పెరిగిందో రాసింది. అదంతా నిజమే. ఆ తర్వాత తల్లి వచ్చింది. పిల్ల ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చుకుంటూ చదివింది.

"నేను స్కూలు నుంచి వచ్చేసరికి మా అమ్మ తలుపు తీస్తుంది. గంట కొట్టక ముందే తీస్తుంది, నా అడుగుల చప్పుడు ఆమెకి తెలుసు. నా జడ విప్పి నూనె రాస్తూ, ఆ రోజు ఏమైందో అడుగుతుంది. దుకాణం గురించి నాకొచ్చిన ప్రతి ఆలోచనా మొదట విన్నది మా అమ్మే."

ఆగిపోయింది. ఆ గదిలో ఆ నాలుగు వాక్యాలు అలాగే ఉండిపోయాయి.

ఈ ఇంటి తలుపు శ్రీదుర్గ ఎనిమిదో ఏట నుంచీ తనే తీసుకుంది. మెడలో నల్లతాడుకి తాళంచెవి కట్టింది మాణిక్యాంబే. పారేసుకోకు తల్లీ అని వెయ్యిసార్లు చెప్పి మరీ కట్టింది. కరోనా ఏడాది ఐదు నెలలపాటు మేడమ్ ఇంటి గేటు దాటనివ్వలేదు. పదిహేనేళ్ల పిల్ల మాస్కు కట్టుకుని వచ్చి రోడ్డు అవతల నిలబడితే, ఇవతల గేటు దగ్గర తను నిలబడింది. ఈ పదిహేనేళ్ల శుక్రవారాలన్నీ కుప్పపోసినా మూడేళ్లు నిండవు. అలాంటిది, ఆ కాగితంలో ఒక ఆడది రోజూ తలుపు తీస్తోంది. రోజూ నూనె రాస్తోంది.

ఆవిడ మీద మాణిక్యాంబకి పట్టలేనంత అసూయ కలిగింది. నవ్వకండి. లేని మనిషి మీద కలిగే అసూయకి మందు ఉండదు.

"నా పని చెప్పుకోడానికి సిగ్గేసిందా?" అని అడిగింది. గొంతు మామూలుగానే ఉంచుకుంది.

"మొదట సిగ్గే," అంది శ్రీదుర్గ. కన్నీళ్లు వచ్చినా తుడుచుకోలేదు. "అమ్మ ఉద్యోగం అని గడి ఉంటే హౌస్‌మెయిడ్ అని రాయబోయాను. చేయి రాలేదు. హౌస్‌వైఫ్ అని పెట్టేశాను. కానీ వ్యాసం రాసేటప్పుడు సిగ్గు కాదమ్మా. రాస్తుంటే బాగుంది. నువ్వు నిజంగా ఇంట్లో ఉన్నట్టే ఉంది. ఆపలేకపోయాను."

మాణిక్యాంబ లేచి వెళ్లి పిల్ల తల మీద చేయి వేద్దామనుకుంది. లేవలేకపోయింది. శ్రీదుర్గ కూడా ఆ చేయి కోసమే తల కొంచెం వంచిందని, ఇద్దరి మధ్యా రెండడుగులు కూడా లేవని ఆదిశేషు ఒక్కడే చూశాడు. ఆయన మాత్రం ఏం చేయగలడు, దారం కొరికి హుక్కు పూర్తిచేశాడు.

కాసేపటికి ఆయనే గొంతు సవరించుకున్నాడు. అనుకున్నదానికన్నా తెలివిగానే ఆలోచించాడు ఆదిశేషు. ఆ షహర్బాను ఎవరో మాకు తెలియదు, ఎవరో పేరు చూసి పొరబడి ఉంటారు, మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది అని రాసేస్తే ఒక్క దెబ్బకి రెండూ తేలిపోతాయన్నాడు. పైరవీ చేయించలేదు, అబద్ధమూ ఆడలేదు. మాణిక్యాంబలు ఈ దుబాయ్‌లో ఎంతమంది లేరు గనక అన్నాడు.

"మరి నిజం రాస్తే?" అంది శ్రీదుర్గ.

"నిజం రాస్తే నీ జాగాలో పెట్టుకోడానికి ఇంకా ఇరవై తొమ్మిది మంది ఉన్నారు."

అందులో తప్పేం లేదు. ముప్పై మందిలోంచి పదిమందిని ఏరుకునేవాళ్లు అబద్ధం రాశానని ఒప్పుకున్న పిల్లని ఎందుకు ఏరుకుంటారు? శ్రీదుర్గ అద్దం వైపు చూసింది. తల్లి ఆ చూపు పట్టుకుంది. పిల్ల ఎక్కడికి చూస్తోందో చెప్పక్కర్లేదు, ఆ కార్డు వైపే. అంత ఆశగా ఆ పిల్ల ఎన్నడూ దేనికేసీ చూడలేదు. చిన్నప్పుడు బొమ్మల దుకాణం ముందు కూడా వద్దులే అమ్మా అనేసి నడిచొచ్చే పిల్ల. జీవితంలో ఒక్కటంటే ఒక్కటి అడిగింది. అది కూడా తనని కాదు, ఆ కాలేజీని అడిగింది.

"మీ నాన్న చెప్పినట్టు రాసెయ్," అంది మాణిక్యాంబ. "ఆ మాణిక్యాంబ ఎవరో మాకు తెలవదని రాసెయ్. మేడమ్‌కి నేను చెప్పుకుంటాను. ఆవిడ కాళ్లు పట్టుకునైనా సర్దుకుంటాను."

"నువ్వు కాదని రాయమంటావా?"

"నేనే చెప్తున్నాను కదే. ఒక కాగితం మీద నేను లేకపోతే ఏం పోయింది? ఇక్కడే ఉన్నాను కదా."

శ్రీదుర్గ తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కాసేపు తనని ఒంటరిగా వదిలేయమంది.

సరిగ్గా అప్పుడే తలుపు అవతల నుంచి పక్క గది ఉమాదేవి పిలిచింది. ఆ ఫ్లాట్‌లో వంటగదికి వంతులున్నాయి. శుక్రవారం పదకొండు నుంచి పన్నెండు దాకా వీళ్ల వంతు. జగిత్యాల వైపు మనిషి ఉమాదేవి, తన పని ముందే తెమిలిందట.

"అక్కా, నాదైపోయింది. పొయ్యి నీదే, జల్ది రా," అంది.

ఆదిశేషు కొత్తిమీర తెస్తానని కింద బకాలా కొట్టుకి వెళ్లాడు. మాణిక్యాంబ కోడిగుడ్లు పట్టుకుని వంటగదికి వెళ్లింది. పిల్లకి ఇష్టమైన పులుసు పెట్టాలని బుధవారానికి ముందే అనుకుంది. ఇప్పుడు ఆకలి ఎవరికుంది? అయినా గుడ్లు ఉడకేసింది. ఉల్లిపాయ తరుగుతూ కళ్లు మండితే మంచిదే అనుకుంది, ఎవరైనా చూసినా ఉల్లిపాయే అనుకుంటారు.

చింతపండు పిసుకుతుండగా ఫోన్ మోగింది. సున్నా రెండుతో మొదలయ్యే నంబరు. అబుదాబి.

తన నంబరు వాళ్లకి ఎలా తెలుసనుకుంది. దరఖాస్తులో పిల్ల ఈ నంబరే ఇచ్చిందని అప్పుడు గుర్తొచ్చింది. చేయి చీర కొంగుకి తుడుచుకుని ఎత్తింది. అవతల ఒక ఆడమనిషి, మెత్తటి గొంతు, చక్కని హిందీ. కాలేజీ నుంచి మాట్లాడుతున్నానంది. శ్రీదుర్గ తల్లిగారేనా అని అడిగింది. ఒకే ఒక్క సంగతి మీ నోట వినాలనుకున్నాను, మీరు ఎక్కడైనా పనిచేస్తారా, ఇంట్లో ఉంటారా అంది.

పిల్ల జవాబు పంపేసి ఉంటుంది. అందుకే అడుగుతున్నారు. తను రాయమన్నట్టే రాసి ఉంటుంది. ఇప్పుడు తను తడబడితే అంతా మట్టిపాలవుతుంది. మాణిక్యాంబ పొయ్యి మంట తగ్గించింది.

"మైఁ తో ఘర్‌మే హీ రహతీ హూఁ," అంది, ఇంట్లోనే ఉంటానని.

అక్కడితో ఆపేయొచ్చు. కానీ ఆపలేదు. అడగనివీ చెప్పింది. పిల్ల కాలేజీ నుంచి వచ్చేసరికి తలుపు తనే తీస్తానంది. గంట కొట్టక ముందే తీస్తానంది, మెట్ల మీద అడుగుల చప్పుడు తనకి తెలుసంది. జడకి నూనె రాస్తూ ఆ రోజు సంగతులు అడుగుతానంది. షహర్బాను అనే ఆవిడ ఎవరో తనకి తెలియదంది. అలా చెబుతుంటే ఒంట్లో ఎక్కడా భయం లేదు. పదిహేనేళ్లూ నిజంగానే ఈ ఇంట్లోనే ఉన్నట్టు, ప్రతి సాయంత్రం ఆ తలుపు దగ్గర నిలబడ్డట్టు గుండె నిండిపోయింది. పిల్ల ఎందుకు ఆపలేకపోయిందో ఇప్పుడు తెలిసింది. ఇంకా చెప్పాలనిపించింది.

అవతల మనిషి అంతా వింది. తర్వాత సరేనండీ, షుక్రియా అని పెట్టేసింది.

మాణిక్యాంబ పులుసు దించింది. గిన్నె రెండు చేతులా పట్టుకుని గదిలోకి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. ఆదిశేషు అప్పటికే కొత్తిమీర కట్టతో వచ్చి కూర్చున్నాడు. శ్రీదుర్గ లాప్‌టాప్ ముందే ఉంది. ఏడ్చి ఏడ్చి తేరుకున్న మొహం. పెద్ద బరువు దించుకున్న మనిషిలా తల్లిని చూసి కొంచెం నవ్వింది.

"పంపేశానమ్మా," అంది.

"తెలుసు. వాళ్లు నాకు ఫోన్ చేశారు," అంది మాణిక్యాంబ. "భయపడకు. నువ్వు రాసినట్టే చెప్పాను. ఒక్క మాట కూడా తేడా రానివ్వలేదు."

"నేను రాసినట్టేనా?" శ్రీదుర్గ ఆనందంగా లేచి నిలబడింది. "నేనేం రాశానో నీకెవరు చెప్పారు?"

"అదేంటే. ఆ మాణిక్యాంబను నేను కాదని. ఇంట్లోనే ఉంటానని. తలుపు తీస్తానని."

శ్రీదుర్గ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మళ్లీ కూర్చుంది. ఆదిశేషు కూతురినీ భార్యనీ మార్చి మార్చి చూశాడు.

"ఏం రాశావే?" అని అడిగింది మాణిక్యాంబ.

శ్రీదుర్గ తెర తనవైపు తిప్పుకుంది. ఈసారి ఏ ముక్కా దాటేయకుండా, ఒక్కో మాటా తెలుగు చేస్తూ, నెమ్మదిగా చదివింది.

"మా అమ్మ పేరు మాణిక్యాంబ. పదిహేనేళ్లుగా జుమేరాలో ఒకరింట్లో పనిచేస్తోంది. నా కోసం సిఫారసు అడిగింది ఆవిడే. నాకు తెలియదు, కానీ ఆవిడకి తెలిసిన దారి అదొక్కటే. నా వ్యాసంలో తలుపు తీసిన అమ్మ నేను కావాలనుకున్న అమ్మ. ఆ అబద్ధం నాది, ఆవిడది కాదు. నా మాట మీద నమ్మకం లేకపోతే ఆవిడనే అడగండి. మా అమ్మ అబద్ధం చెప్పదు."

పులుసు గిన్నె ఎక్కడ పెట్టిందో మాణిక్యాంబకి గుర్తు లేదు. గడియారం వైపు చూసింది. పన్నెండుకి పది నిమిషాలుంది. పన్నెండు కొడితే ఆఫీసులు మూసేస్తారు, మళ్లీ సోమవారం దాకా తెరవరు. పసుపంటిన వేలితోనే ఆ సున్నా రెండు నంబరు వెతికి నొక్కింది.

అవతల మోగుతోంది.

"ఏం చెప్తావమ్మా?" అంది శ్రీదుర్గ.

మాణిక్యాంబ కూతురి వైపు చూసింది. ఇందాక చెప్పింది అబద్ధమని చెప్పాలి. అబద్ధం చెప్పదని కూతురు రాసిచ్చిన నోటితోనే చెప్పాలి. ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. నాలుగుసార్లు మోగాక అవతల ఎవరో ఎత్తారు.